ఎలుగుబంటి పన్ను, అపూ పౌరసత్వం: ఒక కార్టూన్ భాగం వెనుక కథ



‘ది సింప్సన్స్’ అనే అమెరికా బొమ్మల హాస్య ధారావాహికను మనలో చాలామంది కేబుల్ టీవీలో చూసే ఉంటారు. 1989 డిసెంబర్ 17న మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. అందులో 1996 మే 5న వచ్చిన ‘మచ్ అపూ అబౌట్ నథింగ్’ అనే భాగం గురించి ఈరోజు చెప్పుకుందాం. ఊళ్లో సొంతవాళ్లెవరు, బయటివాళ్లెవరు అన్నదే దాని కథ. తరాలుగా ఒకేచోట ఉంటున్నా ‘మీ సొంతూరు ఏది?’ అని ఇంకా అడిగించుకుంటున్నవాళ్లం మనం. అందుకే ఈ కథ మనకు బాగా తెలిసిన కథలాగే అనిపిస్తుంది.

ముందు దాని వెనుక ఉన్న చరిత్ర చూద్దాం. 1994 నవంబర్‌లో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు ‘187వ ప్రతిపాదన’ వచ్చింది. అనుమతి పత్రాలు లేకుండా ఉంటున్న వలసదారులకు ప్రభుత్వ బడి, అత్యవసరం కాని వైద్యం, సంక్షేమ సాయం ఆపేయాలన్నది దాని సారం. గవర్నర్ పీట్ విల్సన్ దాన్ని గట్టిగా సమర్థించారు. దాదాపు 59 శాతం ఓట్లతో నెగ్గింది. కానీ ఫెడరల్ కోర్టు అడ్డుకోవడంతో అందులో చాలా భాగం అమలు కాకుండానే పోయింది. సింప్సన్స్ రచయితలు పనిచేసే లాస్ ఏంజెలెస్ ఆ రాష్ట్రంలోనే ఉంది.

ఈ భాగం రాసింది డేవిడ్ ఎస్. కోహెన్, దర్శకత్వం సూసీ డీటర్. కోహెన్ హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం, బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ చదివి రచనలోకి వచ్చినవారు. ఆ రోజుల్లో ఒక్కో భాగం తయారు కావడానికి ఆరు నెలలకు పైనే పట్టేది. రచయితలందరూ ఒక గదిలో కూర్చుని మాట మాటా సరిచేసేవారు. తర్వాత నటులు గొంతులు రికార్డు చేసేవారు. ముఖ్యమైన బొమ్మలు అమెరికాలో గీసి, మిగిలిన గీత పని, రంగుల పని దక్షిణ కొరియా స్టూడియోలకు పంపేవారు. పరాయివాళ్లను వెళ్లగొట్టాలనే ఊరి కథకు రంగులు వేసింది సముద్రం అవతలి కొరియా చేతులే!

తయారీకి ఇంత కాలం పడుతుంటే నిన్నటి వార్త పాతబడిపోతుంది. అందుకే కావచ్చు, కోహెన్ కథను వార్తతో కాకుండా ఎలుగుబంటితో మొదలుపెట్టారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి వీధిలోకి ఒక ఎలుగుబంటి వస్తుంది. జనం గగ్గోలు పెడితే మేయర్ ఎలుగుబంట్ల కాపలా దళం పెడతాడు. దానికి పన్ను వేస్తాడు. ఇప్పుడు జనం పన్ను మీద గగ్గోలు పెడతారు. మేయర్ తప్పించుకోవడానికి, పన్నులు పెరగడానికి కారణం వలసదారులేనంటూ వాళ్లను పంపేసే ‘24వ ప్రతిపాదన’ తెస్తాడు. అంతవరకు అపూ కొట్లో సరుకులు కొన్నవాళ్లే అతణ్ణి వేరే కంటితో చూడడం మొదలుపెడతారు.

అపూ కలకత్తాలో 70 లక్షల మంది విద్యార్థుల్లో మొదటివాడిగా వచ్చి, అమెరికాలో కంప్యూటర్ డాక్టరేట్ చేసి, చదువు అప్పు తీర్చడానికి కొట్లో చేరినవాడు. వీసా గడువు ఎప్పుడో దాటింది. దొంగ పత్రాలు కొని, కౌబాయ్ టోపీ పెట్టి, యాస మార్చి అమెరికావాడిలా నటిస్తాడు. ఆ వేషం మోయలేక వదిలేస్తాడు. చివరికి పౌరసత్వ పరీక్ష రాస్తాడు. అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే లోతుగా చెప్పబోతాడు. పరీక్షకుడు ఆపి, ‘బానిసత్వం’ అంటే చాలంటాడు. అక్కడే పుట్టిన హోమర్‌కు ఆ చరిత్ర సరిగా తెలియదు, బయటివాడికి తెలుసు. అపూ నెగ్గుతాడు. ప్రతిపాదన కూడా 95 శాతం ఓట్లతో నెగ్గుతుంది. దేశం దాటేది మాత్రం స్కాట్లండ్ నుంచి వచ్చిన బడి తోటమాలి విల్లీ.

అపూ పక్షాన ఇంత బాగా నిలబడిన ఈ భాగంలోనూ అతని గొంతు హాంక్ అజారియాది, భారతీయ మూలాలు లేని నటుడిది. 1990లో అపూ మొదట కనిపించినప్పుడు, ఆ పాత్రను భారతీయుడిగా రాయలేదని, అజారియా ఆ యాసలో చదివితే అందరూ నవ్వడంతో అలాగే ఉంచేశారని రచయిత మైక్ రీస్ చెప్పారు. గదిలో నవ్వు తెప్పించిన ఆ యాస తర్వాత బడిలో మన పిల్లలను ఏడిపించడానికి పనికొచ్చింది. ఆ మాట గట్టిగా చెప్పింది ఒక తెలుగు బిడ్డ. న్యూయార్క్‌లో పుట్టిన హాస్యకారుడు హరి కొండబోలు 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ తీశారు. సింప్సన్స్ అంటే ఇష్టపడుతూనే ఆ ప్రశ్న అడిగారు. 2020లో అజారియా ఇక అపూకు గొంతు ఇవ్వనని ప్రకటించారు.

మనసున్న రచయితలే రాశారు, న్యాయం వైపే రాశారు. అయినా మనవాళ్లు ఆ గదిలో లేకపోవడం వల్ల ఒక లోటు మిగిలింది. దాన్ని ఎత్తిచూపడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. హోసూరు, బళ్లారి, బరంపురం, యానాం, ఎక్కడైనా సరే, మన వలస కథ, మన బడి కథ, మన యాస మీద పడిన నవ్వుల కథ మనమే రాసుకోవాలి. ఇంట్లో పెద్దలు ఉన్నప్పుడే అడిగి, ఒక్కో కుటుంబం ఒక్కో పేజీ రాసి సంఘానికి పంపమని మనవి. తెలుగు లిపి రాని పిల్లలు ఏ లిపిలో రాసినా సరే, తెలుగులోకి మేము ఎక్కిస్తాం.