గవాచి మూసిన ఇల్లు

రాయలసీమ కరువుల చరిత్ర రాసినవారు ముఖ్యంగా రెండింటిని లెక్కపెట్టారు: పడిన వాన, వసూలైన శిస్తు. 1876–78 కరువు మీద వలసపాలకులు గుట్టలుగా నివేదికలు పేర్చారు. చెరువులు, పశువులు, గంజికేంద్రాలు, కూలిపనులు అన్నీ వాటిలోకి ఎక్కాయి. కాని కరువునేలమీద నిలిచిన ఇంటిలోపల మనుషులు ఏ గాలి పీల్చారన్న ప్రశ్న, నా కంటికి తగిలినంతలో, ఎవరూ వేయలేదు. చరిత్ర ఇంటి గడప దాటి లోపలికి రాలేదన్నమాట!

నల్లమాడ మా ఊరు. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. నైరుతి గాలి పడమటి కనుమలకు తన తడినంతా ధారపోసి, వట్టి ఈదురుగాలిగా మా మీదికి వస్తుంది. ఇదే గాలిని నమ్ముకొని 1990లలో రామగిరి గుట్టల మీద గాలిమరలు పాతారు. మరలు తిప్పిన గాలే ఎర్రమన్నునూ లేపుతుంది.

పాత మట్టిమిద్దెలు వేసవిలో చల్లగా ఉంటాయని పొగిడేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది. వారు ఆ ఇళ్ళలో వంట చేసి ఎరుగరు. రాతిగోడలకు కిటికీలు అరుదు. వెలుతురు రావాలన్నా, పొయ్యి పొగ పోవాలన్నా మిద్దెలో గవాచి ఒక్కటే దారి. ఆషాఢమాసపు గాలిలో ఆ దారినే మన్ను రాలుతుంది. "గవాచి మూయి నాయనా, సంగట్లో మన్ను పడతాది" అని మా అవ్వ కేకవేసేది. నేను మిద్దెక్కి బండ కప్పేవాణ్ణి. ఆ తర్వాత కంపపొగ ఇల్లంతా కమ్ముకొనేది. దుమ్ము కావాలో, పొగ కావాలో తేల్చుకోవలసిన ఆ పనిని ఆడవాళ్ళు రోజుకు రెండుపూటలా చేశారు. అవ్వ సంగటిని కాపాడుకొని దగ్గును మిగుల్చుకుంది. ఊరి చివర కొట్టాల్లో ఉన్న కూలివాళ్ళకు ఆపాటి ఎంపికైనా లేదు. వారి దడుల్లోంచి రెండూ వచ్చేవి.

నేడు వైద్యశాస్త్రం చెప్పేది ఆమెకు తెలియదు. దుమ్ములోని ముతక రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. రెండున్నర మైక్రానులకు లోబడిన సన్నరేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతాయి. కట్టెల పొగలో ఎక్కువగా ఉండేవి ఆ సన్నవే. వాటికి 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు, ఒక దినానికి సగటున, ఘనపు మీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు. కట్టెలపొయ్యి వెలిగే మూసిన వంటింట్లో అది వందల్లోకి పోతుంది. పొయ్యి దగ్గర తల్లి ఒడిలో ఉన్న బిడ్డకు న్యుమోనియా, తల్లికి ముసలితనంలో ఆయాసం రావడం విధిలిఖితమేమీ కాదు.

మరి ఈ దుమ్ము ప్రకృతి ఒక్కదాని పనా? కాదు. కొర్ర, సజ్జ, జొన్న కోసినప్పుడు మోడు చేలో మిగిలి మన్నును పట్టుకొనేది. వేరుశనగను వేరుతోసహా పెరుకుతారు. పీకిన చేను బోసిగా పడి ఉంటుంది. నూనె మిల్లులూ, విపణీ కోరిన పంట జిల్లాను ఆక్రమించిన రోజుల్లో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదే. కాయ సంతకు పోయింది, మన్ను మా ఇళ్ళకు వచ్చింది. రైతును నిందించి లాభం లేదు; అప్పు పుట్టింది ఆ పంట మీదనే.

అమెరికా మైదానాల్లో గోధుమ కోసం గడ్డినేలలను దున్నేసినప్పుడూ ఇంతే జరిగింది. 1930లలో అక్కడి తల్లులు కిటికీలకు తడిదుప్పట్లు కట్టారు. దుమ్ము న్యుమోనియాతో పిల్లలు చనిపోయారు. అయితే 1934 మేలో ఆ దుమ్ము వాషింగ్టన్ దాకా ఎగిరింది. 1935 ఏప్రిల్‌లో భూసంరక్షణ చట్టం వచ్చింది. మా దుమ్ము ఏ శాసనసభ బల్లమీదా రాలలేదు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వంటగ్యాసును తెచ్చాయి. మిద్దెలు పోయి కాంక్రీటు ఇళ్ళు లేచాయి. వాటికి గవాచులు లేవు, కిటికీలున్నాయి. మొన్న ఆషాఢంలో ఊరికి వెళ్ళినప్పుడు మా పక్కింటి వదిన కిటికీ సందుల్లో పాత చీరపేలికలు కుక్కుతూ కనిపించింది. సిలిండరు అయిపోయిందట, కూలిడబ్బులు రాలేదట. పెరట్లో గాలికి మంట నిలవక కట్టెలపొయ్యిని లోపలికి తెచ్చుకుంది.