ఛాసీ వాళ్లది, బాడీ మనది

ఎన్నూరులోని అశోక్ లేలాండ్ కర్మాగారం గేటు దాటేనాటికి ఆ రోజుల్లో లారీకి ఒంటి మీద ఏమీ ఉండేది కాదు. రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటి ముందు ఇంజను, కింద చక్రాలు, చేతికి స్టీరింగు, అంతే. తలుపుల్లేవు, కప్పు లేదు, సీటు కూడా లేదు. డ్రైవరు ఏ చెక్కపెట్టెనో కట్టుకుని దానిమీద కూర్చునేవాడు. తలకు తువ్వాలు చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఎండనీ వాననీ మొహం మీదే కాస్తూ నెల్లూరు, ఒంగోలు మీదుగా విజయవాడ చేరేవాడు. జంషెడ్‌పూర్ నుంచి టాటా ఛాసీలు తెచ్చేవాళ్లకైతే దారి వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. టాటాల టెల్కో కంపెనీ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి లారీలు తయారు చేయడం మొదలుపెట్టాక ఈ ప్రయాణాలు బాగా పెరిగాయి.

కంపెనీ పని ఛాసీతో సరి. ఆ ఛాసీ మిరపకాయలు మోయాలా, రాయి మోయాలా, మనుషుల్ని ఎక్కించుకోవాలా అన్నది తేలేది మన ఊళ్ల షెడ్లలో. కర్ర కోసేవాడు, రేకు వంచేవాడు, రంగు వేసేవాడు కలిసి దానికి ఒళ్లు కట్టేవారు. పాత కార్ల రేకును ఇవాళ మళ్లీ నిలబెడుతున్న పనితనానికి మూలం ఈ షెడ్లలోనే ఉంది. ఆ షెడ్లకు ముందు ఎడ్లబండి ఉంది.

ఉదాహరణకు కనిగిరి ప్రాంతాన్ని చూడండి, అక్కడిది మెట్ట సేద్యం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. రైలుకు దూరమైన ఊరు. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి ఈ ఊరి మీదుగా మంజూరైన మార్గం మొన్నమొన్నటి సంగతి. అందుకని తరతరాలుగా సరుకు కదిలిందంటే బండి మీదే. ఒంగోలు గిత్తల పేరు దేశమంతా వినబడింది గానీ, అవి లాగిన బండిని చేసిన చేతుల గురించి రాసినవాళ్లు తక్కువ. తుమ్మకర్రతో చక్రం కట్టడం వడ్రంగి పని. నడుమ కుండ, దానిలోంచి బయలుదేరే ఆకులు, వాటిని చుట్టిన వంపు చెక్కలు. ఆ పైన ఇనుప పట్టా వేయడం కమ్మరి పని.

ఆ పట్టా వేసే తీరు గమనించదగ్గది. చక్రం చుట్టుకొలత కంటే పట్టా కాస్త చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో దాన్ని ఎర్రగా కాలుస్తారు. వేడికి అది సాగుతుంది. పట్టకార్లతో పట్టుకుని చక్రం మీదికి దించి, వెంటనే నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము కుంచించుకుపోయి ఆకుల్నీ చెక్కల్నీ కుండకేసి బిగించేస్తుంది. మేకు కన్నా, బంక కన్నా గట్టి పట్టు అది.

ఇప్పుడు ఏ టింకరింగ్ షెడ్డుకైనా వెళ్లి, దెబ్బతిన్న కారు తలుపును సరిచేయడం చూడండి. దెబ్బ తగిలినచోట రేకు సాగిపోయి ఉంటుంది. సుత్తితో ఎంత కొట్టినా అటు నొక్కితే ఇటు లేస్తుంది. అప్పుడు పనివాడు ఆ చోటును రూపాయి బిళ్లంత మేర గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, చుట్టూ మెల్లగా తట్టి, తడిగుడ్డ అద్దుతాడు. రేకు కుంచించుకుని తన చోటికి వస్తుంది. కమ్మరి చక్రం మీద చేసింది, టింకరు తలుపు మీద చేసేది ఒకటే సూత్రం. ఈ విద్య మోటారుతో పాటు సముద్రం దాటి వచ్చిందని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పనిముట్లు కొన్ని కొత్తవి. ఇనుము గుణం తెలిసిన చేతులు మాత్రం ఇక్కడివే.

ఛాసీ ఒకరు, బాడీ ఒకరు చేయడం పేదవాళ్ల పద్ధతి కూడా కాదు. మోటారు యుగం తొలినాళ్లలో ప్రపంచమంతా అలాగే నడిచింది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అందుకు తిరుగులేని సాక్ష్యం. రోల్స్ రాయిస్ కంపెనీ డెర్బీలో ఛాసీ తయారు చేస్తే, లండన్‌లోని బార్కర్ సంస్థ దానిమీద బాడీ కట్టింది. గుర్రపు బగ్గీలు చేసి పేరు తెచ్చుకున్న పాత సంస్థ అది. వెనక సింహాసనం లాంటి ఎత్తైన ఆసనం, పైన గుమ్మటం లాంటి కప్పు, బంగారు మెరుగుల అమరికలు. దాన్ని ఆర్డరు చేసిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో కన్నుమూశాక అది ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. ఊరేగింపులకే తప్ప బయటికి తీయని ఆ బండి మొత్తం తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. ఏళ్ల తరబడి మూలపడి, మళ్లీ బాగుపడి, ఇప్పుడు జనం చూసేలా నిలబడింది.

కోస్తా తెలుగువాళ్లకు అప్పట్లో రాజధాని మద్రాసు. అక్కడ సింప్సన్ కంపెనీ 1840 నుంచి గుర్రపు బగ్గీలు కట్టేది. 1903లో శామ్యూల్ జాన్ గ్రీన్ ఆ కంపెనీలోనే ఆవిరితో నడిచే కారును తయారు చేశాడు. నైజాం రాష్ట్రంలో 1932 జూన్ 15న 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సుల్లో ఒకటి, హెచ్‌వైజడ్ 223, హైదరాబాదు ముషీరాబాదులోని బస్ భవన్ దగ్గర ఉంది. ఎర్రని బాడీ, ముందుకు పొడుచుకువచ్చిన ఇంజను. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై బస్సుల వెనక బొగ్గు కుంపట్లు బిగించారు. ఇవాళ బండికి మార్పులు చేయడమంటే కుర్రకారు సరదా అనుకుంటారు. ఆ బొగ్గు బస్సులు మాత్రం అవసరం కొద్దీ పుట్టిన మార్పులు.

1957లో ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు పడ్డాక విజయవాడ దగ్గర కృష్ణ దాటడం లారీలకు తేలికైంది. మద్రాసు–కలకత్తా దారి, హైదరాబాదు–బందరు దారి కలిసేది అక్కడే. మెకానిక్కులు, టింకర్లు, వడ్రంగులు ఆ రోడ్ల పక్కనే షెడ్లు వేసుకున్నారు. 1966లో ఏర్పడ్డ జవహర్ ఆటోనగర్ వాళ్లందరినీ ఒకచోటికి చేర్చింది. దరిమిలా గుంటూరు, గాజువాక, హైదరాబాదు ఆటోనగర్లు వచ్చాయి గానీ, లారీ బాడీ అనగానే తెలుగు రైతు నోట ముందు వచ్చేది బెజవాడ పేరే. తమిళనాడులో లారీ బాడీలకు నామక్కల్, బస్సు బాడీలకు కరూర్ ఎలా పేరుపడ్డాయో ఇదీ అంతే.

బాడీ కట్టే పని ఛాసీ దూలాల మీద కర్ర పరవడంతో మొదలవుతుంది. ఇనుము మీద ఇనుము నేరుగా కూర్చుంటే అదురుకు పగుళ్లు వస్తాయి. అందుకని మధ్యలో గట్టి కర్ర వేసి, యూ బోల్టులతో బిగిస్తారు. ఆపైన అడ్డదూలాలు, వాటిమీద పలకలు, పక్కన డాలాలు, వెనక తెరుచుకునే తలుపు, క్యాబిన్ నెత్తిన క్యారియర్. యంత్రం గుద్దిన రేకుకు కొలతల కాగితం ఉంటుంది. ఇక్కడ మేస్త్రీకి ఉన్నది చాక్‌పీసు, నూలుతాడు, ఇంతకు ముందు కట్టిన బాడీల జ్ఞాపకం.

ఏ సరుకుకు ఏ బాడీ అన్నది వాళ్లు రోడ్డును, పొలాన్ని చూసి నేర్చుకున్నారు. గుంటూరు యార్డుకు వచ్చే మిర్చి టిక్కీలు, పత్తి బోరాలు బరువు కన్నా చోటు ఎక్కువ తింటాయి. వాటికి ఎత్తైన పక్కలు కావాలి. కనిగిరి, పొదిలి, టంగుటూరు వేలం కేంద్రాల నుంచి కదిలే పొగాకు బేళ్లకు తడి తగలకూడదు, కాబట్టి టార్పాలిను లాగి కట్టడానికి వరసగా కొక్కేలు ఉండాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటుది మరో లోకం. ఒక్క దిమ్మె టన్నుల బరువు. కృష్ణపట్నం, చెన్నై రేవులకు వెళ్లే ఆ లారీలకు పక్కలతో పనిలేదు. మందమైన అడుగు, దిమ్మె జరగకుండా అడ్డం, గొలుసులు చాలు. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువైన కనిగిరి పల్లెలకు మంచినీళ్లు మోసే ట్యాంకర్లు కూడా ఈ రేకు పనివాళ్ల చేతి మీదే వెల్డింగ్ అయ్యాయి. ఒక ప్రాంతం కష్టసుఖాలు ఆ ప్రాంతపు బండ్ల ఒంటి మీద ఇంత స్పష్టంగా కనబడటం అరుదు.

కార్ల సంగతికి వస్తే, 1950లలో ప్రభుత్వం విదేశీ కార్ల దిగుమతికి దాదాపు తలుపులు మూసింది. బొంబాయిలో కార్లు బిగించే జనరల్ మోటార్స్ 1954లో దుకాణం కట్టేసింది. అప్పటికే జమీందార్లు, డాక్టర్లు, మిల్లు యజమానులు కొన్న కార్లకు విడి రేకులు దొరకడం మానేశాయి. మడ్‌గార్డు తుప్పుపడితే కొత్తది తెప్పించే మాట లేదు, కొట్టి తయారు చేయాల్సిందే. లారీ షెడ్డులో పెరిగిన టింకరు ఇక్కడ అక్కరకొచ్చాడు.

మద్రాసులో 1961 నుంచి పదేళ్లపాటు తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఈ పనివాళ్లకు అనువైన కారు. ఇంగ్లండులో దాని అసలు పేరు ట్రయంఫ్ హెరాల్డ్. అప్పటికి చాలా కంపెనీలు ఛాసీ, బాడీ ఒకే పెట్టెగా చేస్తుంటే, హెరాల్డ్ మాత్రం విడి ఛాసీ మీద బోల్టులతో బిగించిన భాగాలుగా వచ్చింది. బాడీ మొత్తాన్ని ఒకేచోట చేసిపెట్టే సంస్థ దొరకక కంపెనీ ఎంచుకున్న దారి అది. బానెట్టు, మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే అందమైన స్పోర్ట్స్ కారుకు ఆధారం ఈ హెరాల్డ్ ఛాసీయే, కాస్త పొట్టిచేసి వాడారు. రెంటికీ గీతలు గీసింది ఇటలీ రూపశిల్పి మికెలోట్టి.

అలాంటి కారును మళ్లీ నిలబెట్టడంలో అసలు శ్రమ రంగు కింద ఉంటుంది. మెరిసే పైపూత గీకితే దాని చరిత్ర బయటపడుతుంది. ఎప్పుడో తగిలిన దెబ్బ, దానిమీద వేలెడు మందాన పెట్టిన లప్పం, ఆ లప్పం కింద నీరు చేరి తినేసిన రేకు. తలుపుల అడుగు, మెట్టు కింది పెట్టె, స్టెప్నీ గుంట ముందుగా పోతాయి. సముద్రగాలి తగిలే ఒంగోలు వైపు బండికీ మెట్ట ఊళ్లలో దాచిన బండికీ ఈ విషయంలో చాలా తేడా ఉంటుంది. కుళ్లిన మేర కోసి, అదే మందం రేకును ఇసుకసంచి మీద వంచి, అంచుకు అంచు కలిపి అతకాలి. లోపల డాలీ అనే ఇనుప దిమ్మె పట్టి బయట సుత్తితో తట్టాలి. ఆకురాయి లాగితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. మంచి పనివాడు కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి లోపం పడతాడు. రేకు సమమయ్యాక మిగిలే సన్నని లోటుకే లప్పం వాడాలి. పాతరోజుల్లో ఆ లోటును సీసం కరిగించి పూడ్చేవారు. రేకు పని ఎగ్గొట్టి లప్పంతో ఆకారం తెచ్చిన బండి ఒకటి రెండు వేసవులకే బీటలిస్తుంది. అది బాగుచేయడం కిందికి రాదు, కొనేవాణ్ని మోసం చేయడమే.

కర్ర పని తెలిసిన లారీ మేస్త్రీలకు స్పోర్ట్స్ కార్ల చరిత్రలో ఒక ఆశ్చర్యం ఉంది. 1948లో లోకాన్ని ఊపేసిన జాగ్వార్ ఎక్స్‌కే 120 తొలి కార్లు, సుమారు 240, యాష్ కర్ర చట్రం మీద అల్యూమినియం రేకు తొడిగి చేతితో కట్టినవి. గిరాకీ పెరిగాకే ఉక్కు బాడీకి మారారు. ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో మోర్గన్ కంపెనీ నేటికీ యాష్ కర్ర చట్రంతోనే కార్లు కడుతోంది. అక్కడ దాన్ని వారసత్వంగా చూసి, పని చూడటానికే జనం టిక్కెట్టు కొంటారు. ఇక్కడి మేస్త్రీకి ఆ గౌరవం దక్కలేదు.

చట్టం ఇప్పుడు రెండు వైపుల నుంచి ఈ వృత్తిని చుట్టుముట్టింది. కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ను వివరిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. 2021 జులైలో కేంద్రం పాత బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు ఇరవై వేల రూపాయల రుసుముతో ‘వీఏ’ వరస నంబరు ఇస్తారు. రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. దీనితో పాత కారును ఉన్నది ఉన్నట్టు నిలబెట్టే పనికి విలువ పెరిగింది, ఇష్టమొచ్చినట్టు మార్చే పనికి దారి మూసుకుంది.

బస్సు బాడీలకు ఏఐఎస్-052, లారీలకు ఏఐఎస్-093 నియమావళులు వచ్చాయి. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు మంటల్లో 45 మంది చనిపోయాక బయటపడే దారుల గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడలేరు. ఆ నియమాలు కావలసినవే. 2025 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. చెక్కపెట్టె మీద కూర్చుని ఛాసీ తోలిన తరానికి ఇది ఊహకందని సుఖం. పరీక్షలకు, ధ్రువపత్రాలకు డబ్బు పెట్టలేని చిన్న షెడ్లు మాత్రం కంపెనీ క్యాబిన్ల ముందు, తయారై వచ్చే బాడీల ముందు నిలవలేకపోతున్నాయి.

2021 నాటి నియమం సొంత వాహనాలకే గానీ లారీలకు వర్తించదు. నిజాం కారుకు రాజప్రాసాదం ఉంది, ఆల్బియన్ బస్సుకు బస్ భవన్ ఉంది. 1960లలో ఆటోనగర్ చేతులు కట్టిన చెక్క బాడీ లారీకి కూడా ఒక చోటు కావాలి. ఆ కొలతలు కాగితం మీద లేవు, డెబ్బైలు దాటిన మేస్త్రీల తలల్లో ఉన్నాయి. వాళ్లు ఉండగానే ఒక పాత ఛాసీ తెచ్చి, వాళ్లు చెబుతుండగా ఐటీఐ పిల్లల చేత అడుగు పలక నుంచి క్యారియర్ దాకా కట్టించాలి. ప్రతి దశనూ కొలిచి, ఫొటో తీసి, కర్ర పేరు, రేకు మందంతో సహా రాసిపెట్టాలి. ఈ పని విజయవాడలో మొదలైతే సబబు. మిర్చి, పొగాకు, గ్రానైటు బాడీల వివరాలకు గుంటూరు, ఒంగోలు, కనిగిరి షెడ్లకు కూడా వెళ్లాల్సి ఉంటుంది.