నత్తి చికిత్సలో వైకల్య వివక్ష

చెప్పదలచిన మాట మనసులో స్పష్టంగా ఉన్నప్పటికీ, పలికేటప్పుడు ధ్వనులు పదేపదే రావడం, సాగడం లేదా ఆగిపోవడాన్ని నత్తి అంటారు. ధారాళంగా మాట్లాడటమే సరియైనదని భావించి, నత్తి గలవారిని తక్కువగా చూడటం వైకల్య వివక్ష. ఈ వివక్ష వాక్ చికిత్సలో కూడా ఉన్నదని నత్తి గలవారు, కొందరు చికిత్సకులు విమర్శిస్తున్నారు.

నేపథ్యం

పెద్దవారిలో సుమారు 1 శాతం మందికి నత్తి ఉంటుంది. వంశపారంపర్యత, మాటను నడిపే మెదడు భాగాలలోని భేదాలు దీనికి ముఖ్య కారణాలు. తెలివితేటలకూ నత్తికీ సంబంధం లేదు.

చరిత్ర

* 1841లో జర్మన్ శస్త్రవైద్యుడు డీఫెన్‌బాఖ్ నత్తి పోగొట్టడానికి నాలుక కండరాన్ని కోసే శస్త్రచికిత్స చేశాడు.
* 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ 22 మంది అనాథాశ్రమ బాలలపై ప్రయోగం జరిపింది. నత్తి లేని కొందరు పిల్లలకు కూడా నత్తి మొదలవుతున్నదనీ, సరిగా పలకలేనప్పుడు మాట్లాడవద్దనీ చెప్పారు. ఆ పిల్లలు నోరు విప్పడానికే జంకసాగారు. జాన్సన్ స్వయంగా నత్తి గలవాడు. 2001లో ఈ విషయం పత్రికలలో వెల్లడి కాగా విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారానికి అంగీకరించింది.

విమర్శ

చికిత్స ఫలితాన్ని చాలాకాలం నత్తి పడిన అక్షరాల శాతంతోనే కొలిచేవారు. కష్టమైన మాటను తప్పించి వేరొక మాట వాడినా, అసలు మాట్లాడకున్నా ఈ లెక్కలో మెరుగుదలగానే కనిపిస్తుంది. జవాబు తెలిసి కూడా తరగతిలో చేయి ఎత్తని విద్యార్థి బాధ ఈ కొలతకు అందదు. జోసెఫ్ షీహన్ నత్తిని మంచుకొండతో పోల్చాడు. వినిపించే తడబాటు పైకి కనిపించే కొన మాత్రమేననీ, భయం, సిగ్గు నీటి అడుగున ఉంటాయనీ అతని భావం.

ప్రత్యామ్నాయ దృక్పథం

వైకల్యపు సామాజిక నమూనా ప్రకారం అవరోధం వ్యక్తిలోనే కాక, వినేవారి అసహనంలోనూ ఉన్నది. నత్తి లోపం కాదు, భేదమని వాదించే వ్యాసాల సంకలనం 2019లో ఆంగ్లంలో వెలువడింది. దీని అర్థం చికిత్స వద్దని కాదు. లక్ష్యాన్ని నత్తి గల వ్యక్తే నిర్ణయించుకోవాలి. నత్తితోనైనా నిస్సంకోచంగా మాట్లాడగలగడం కూడా విజయమే. మాట మధ్యలో అందుకొని పూర్తిచేయకుండా ఓపికగా వినడం ఎదుటివారి బాధ్యత.

భారతదేశంలో

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాక్, భాషా వైకల్యాన్ని గుర్తించింది. అయితే ఆ నిర్వచనంలో నత్తి పేరు లేదు. 2008లో ఏర్పడిన ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ పరస్పర సహాయాన్ని, నత్తిని అంగీకరించడాన్ని ప్రోత్సహిస్తున్నది. తెలుగునాట పసిపిల్లలకు మాట బాగా రావాలని వస కొమ్ము అరగదీసి నాకించడం ఆచారం. దీనివలన నత్తి పోతుందనడానికి ఆధారం లేదు. తెలుగు సినిమాలలో నత్తి తరచు హాస్యానికి వస్తువైనది.

1998 నుండి ఏటా అక్టోబరు 22ను అంతర్జాతీయ నత్తి అవగాహన దినంగా జరుపుతున్నారు.