ప్రాణాయామము – పరిశోధనాలయము

శ్వాసగతికిని చిత్తవృత్తికిని గల సంబంధమును మన యోగశాస్త్రకర్తలు బహుకాలము క్రిందటనే గుర్తించిరి. పతంజలి ప్రాణాయామమును అష్టాంగములలో నాలుగవదానినిగా నిలుపగా, 15వ శతాబ్దినాటి స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో ఉజ్జాయి, భస్త్రిక మున్నగు ఎనిమిది కుంభకములను వివరించి, అయుక్తాభ్యాసమువలన ఎక్కిళ్లు, ఉబ్బసము, దగ్గు, శిరోవేదన కలుగునని హెచ్చరించెను. అయినను ఈ విద్య చిరకాలము గురుముఖముననే సంక్రమించుచు, దాని ఫలములు అనుభవైకవేద్యములుగనే నిలిచియుండెను.

నర్మదాతీరమున మాల్సరులో పరమహంస మాధవదాసుగారియొద్ద శిక్షణ పొందిన కువలయానందస్వామి (1883–1966) ఆ ఫలములను యంత్రసాక్ష్యమునకు లోబరుపదలచి, 1924లో లోనావాలాయందు కైవల్యధామమును స్థాపించి, ఆ యేటనే ‘యోగమీమాంస’ యను పత్రికను వెలువరింప నారంభించిరి. ఎక్సురే చిత్రములతోను పీడనమాపకములతోను అభ్యాసకుల దేహములను పరీక్షించిరి. ప్రాణాయామమువలన ప్రాణవాయువు అపారముగా లభించునను నమ్మకము లోకమున ప్రబలియుండగా, అది ప్రధానప్రయోజనము కాదనియు, నాడీమండలముపై గల ప్రభావమే ముఖ్యమనియు వారు ప్రతిపాదించిరి.

స్వస్థుని రక్తము మామూలు శ్వాసతోనే ప్రాణవాయువుచే ఇంచుమించు పరిపూర్ణమై యుండును. శ్వాసను నిమిషమునకు ఆరింటి చొప్పున మందగింపజేసినచో హృదయగతి దానితో లయబద్ధమై, వేగస్ నాడి ప్రభావము హెచ్చి, ఉద్వేగము శమించుననియు, మితిమీరిన వేగోచ్ఛ్వాసమున రక్తమందలి బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుననియు ఆధునికశాస్త్రము తెలుపుచున్నది గావున, స్వాత్మారాముని హెచ్చరిక నేటి అభ్యాసకునకును శిరోధార్యమే.