పేరు లేని పంచె, ఊరు మరిచిన కంబళి

భుజం మీద నల్ల కంబళి లేని గొర్రెల కాపరి ఒక తరం కిందటి వరకూ అనంతపురం పల్లెల్లో కనిపించేవాడు కాదు. ఎండకు అదే, వానకు అదే. రాత్రిపూట చేలో మంద ఆపినప్పుడు కింద పరుచుకునేదీ, పైన కప్పుకునేదీ అదే. కురుబల పెళ్లిళ్లలో వధూవరులను కూర్చోబెట్టేదీ దాని మీదే. ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అన్న సామెత తెలుగునాట అంతటా వాడుకలో ఉందంటే ఆ బట్ట మన బతుకులో ఎంతగా కలిసిపోయిందో అర్థమవుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వానలు ఇక్కడేనని చెబుతారు. పంట పోయిన ఏడు మందే ఇంటిని నిలబెట్టేది. ఆ మంద ఒంటి మీది ఉన్నే మనిషి ఒంటి మీదికి వచ్చేది.

ఇంత దగ్గరి బట్టకు చరిత్రలో చోటు దొరకడం అరుదు. మన నిత్యపు బట్టలకు ఒకసారి ఆ చోటు దొరికింది గానీ, దొరికిన తీరు తలుచుకుంటే బాధ కలుగుతుంది.

లండన్‌లో ఈస్టిండియా కంపెనీ 1801లో నెలకొల్పిన ఇండియా మ్యూజియం ఉండేది. మన దేశం నుంచి వెళ్లిన బట్టలెన్నో దాని గిడ్డంగుల్లో పోగుపడ్డాయి. వాటి బాధ్యత చూసిన అధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్. మాంచెస్టర్ మిల్లులకు భారతీయులు ఏం కట్టుకుంటారో చూపించాలన్నది ఆయన పథకం. అందుకోసం 1866లో తలపాగాలు, లుంగీలు, పంచెలు, చీరలు వగైరాల నుంచి 700 నమూనాలు ఎంచి, 18 సంపుటాలుగా కూర్పించాడు. అలాంటివి మొత్తం 20 ప్రతులు తయారయ్యాయి. వాటిలో 13 బ్రిటన్‌లో ఉంచి, 7 భారతదేశానికి పంపారు. ఇరవై ప్రతులకూ ముక్కలు కావాలి కాబట్టి మ్యూజియంలో భద్రంగా ఉన్న బట్టలనే కత్తిరించారు.

మన పంచె, మన చీర మగ్గం దిగగానే కట్టుకునే బట్టలు, కత్తెరతో పని లేనివి. ఆ సంగతి వాట్సన్‌కూ తెలుసు. మగ్గం నుంచి నేరుగా ఒంటి మీదికి వెళ్లే బట్టలని వాటిని వేరే తరగతిగా చూపించాడు. అయినా కత్తెర పడింది. ప్రతి ముక్కనూ కాగితానికి అతికించి, పక్కన అసలు బట్ట పొడవు, వెడల్పు, బరువు, అది దొరికిన చోటు రాశారు. నేసిన మనిషి పేరుకు మాత్రం అక్కడ చోటు లేదు. పైగా ఖరీదైన జరీ, సన్నని మస్లిన్ కన్నా కోట్లాది సామాన్యులు కట్టే సాదా బట్టలోనే అసలైన వ్యాపారం ఉందని వాట్సన్ మిల్లు యజమానులకు నచ్చజెప్పాడు. పేదవాడి పంచె మ్యూజియానికి చేరింది దాని మీద గౌరవంతో కాదు, దానికి నకలు తీయడానికి. అనంతపురం అప్పటికి జిల్లా కూడా కాదు. 1882 దాకా బళ్లారిలో భాగం. ఇక్కడి నేతగాళ్లకు ఈ సంపుటాల సంగతి ఎవరు చెప్పి ఉంటారు?

ఇండియా మ్యూజియం 1879లో మూతపడింది. వస్తువులు తలా ఒక దిక్కు పోయాయి. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటిని తిరిగి ఇవ్వమని అడిగేవాళ్లున్నారు. ప్రకాశం జిల్లా చందవరం నుంచి ఆస్ట్రేలియా దాకా పోయిన మూడో శతాబ్దపు బౌద్ధ శిల్పఫలకం 2016లో మన దేశానికి తిరిగి వచ్చింది. సంతోషమే. కానీ తలపాగా ముక్క కోసం అడిగినవాళ్లున్నారా?

ఈ విషయంలో మనం హైదా ఆదివాసుల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. కెనడా పశ్చిమ తీరంలోని హైదా గ్వాయి దీవులు వాళ్ల నేల. 1862లో వచ్చిన మశూచి, ఆ వెనకటి రోగాలు వేల మందిని బలిగొన్నాయి. చివరికి ఆరు వందల మంది కూడా మిగల్లేదు. ఊళ్లు ఖాళీ అయ్యాక సేకర్తలు ముసుగులు, టోపీలు, పెట్టెలతోపాటు సమాధుల్లోని ఎముకలనూ ఎత్తుకుపోయారు. 1990ల నుంచి హైదాలు కమిటీలు వేసుకుని, మ్యూజియంల చుట్టూ తిరిగి, 460 మందికి పైగా పూర్వీకుల అవశేషాలను ఇంటికి తెచ్చుకున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ పడుకోబెట్టడానికి దేవదారు పెట్టెలు చేశారు. కప్పడానికి గుండీల దుప్పట్లు కుట్టారు. వర్తకులు తెచ్చిన ఉన్ని దుప్పటి మీద ముత్యపుచిప్ప గుండీలతో తమ వంశ చిహ్నాలు కుట్టుకోవడం వాళ్ల సంప్రదాయం. ఆ పనిలో బడిపిల్లలూ చేతులు కలిపారు. 2009లో 21 మంది హైదాలు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియానికీ, బ్రిటిష్ మ్యూజియానికీ వెళ్లి తమ వస్తువులను చేతుల్లోకి తీసుకుని చూశారు. ఎలా చేశారో, ఎవరు వాడారో మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక పూర్వీకుడు ఇంటికి వచ్చాడు. వస్తువుతోపాటు దాన్ని చేసే విద్యనూ ఇంటికి తెచ్చుకోవడం వాళ్ల పోరాటంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే భాగం.

మన కంబళి పరాయి దేశానికి పోకుండానే, మన కళ్ల ముందే చేజారుతోంది. దక్కనీ గొర్రె నల్లటి ముతక ఉన్నిని కత్తిరించి, విల్లుతో ఏకి, ఆడవాళ్లు నూలు వడికేవారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన గంజిని పడుగుకు పట్టించి ఎండలో ఆరబెట్టేవారు. ఆ గంజితో దారం బిరుసెక్కేది. రంగు అద్దే పని లేదు, గొర్రె రంగే కంబళి రంగు. ఇప్పుడు మాంసానికి ధర ఉంది, ఉన్నికి లేదు. మాంసం కోసం పెంచే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి నిండా వెంట్రుకలే తప్ప ఉన్ని రాదు. ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో అనంతపురం ముందు వరసలో ఉంటుంది, కానీ కంబళికి కావలసిన ఉన్నే కరువు. దక్కనీ గొర్రెలు మిగిలిన చోట కూడా కత్తిరింపు కూలి కాపరి చేతి నుంచే పోతోంది. సంతల్లో చవకగా దొరికేది పానిపట్టు మిల్లు దుప్పటి.

గొర్రెల పథకాలు రాసే అధికారులు దక్కనీ జాతికి అందులో కొంత చోటివ్వాలి. కంబళి నేసే చేతులు ఇంకా ఉన్న ఊళ్లలో ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా చిత్రీకరించే పని విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ నగరంలో హారిస్ మ్యూజియం తన దగ్గరున్న వాట్సన్ సంపుటాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. మన చేనేత విద్యార్థులు వాటిని చూడాలి.

ఇక పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో అటక మీద పాత కంబళి ఉంటే పారేయకండి. దాన్ని ఎవరు నేశారు, ఏ ఊరిలో, ఎంతకు కొన్నారు, ఎవరు కప్పుకున్నారు అన్నవి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, కాగితం మీద రాసి, దాని మడతలోనే పెట్టండి. నేసినవాళ్ల పేరు మొదట రాయండి.