ఎడారీకరణపై యువజన వృక్షారోపణ

ఎడారీకరణపై యువజన వృక్షారోపణ: బీడువారుతున్న నేలను కాపాడటానికీ, వైరం నడిచిన దేశాల, తెగల మధ్య స్నేహం పెంచడానికీ యువకులు కలిసికట్టుగా మొక్కలు నాటి పెంచే ఉద్యమం. అతిమేత, అడవుల నరికివేత, అదుపులేని సాగు, వాతావరణ మార్పుల వల్ల వానలు తక్కువగా పడే ప్రాంతాల్లో నేల సారం కోల్పోవడమే ఎడారీకరణ. అనంతపురం ప్రాంతంలో హగరి నది ఒడ్డు ఇసుక పొలాల మీదికి పాకడం తెలుగువారు ఎరిగిన ఉదాహరణ.

తొలి దశ

బాటల వెంట మర్రిచెట్లు నాటించానని అశోకుడు శాసనాల్లో చెప్పుకున్నాడు. ఆ తర్వాత శతాబ్దాల పాటు చాలా దేశాల్లో రాజులు, జమీందార్లు తోపులు వేయించారు. యువకులే ప్రతిజ్ఞ పట్టి ముందుకొచ్చిన తొలి సందర్భాల్లో ఒకటి 1922 జూలై 22న కెన్యాలో జరిగింది. అడవులు తరిగి నేల ఎండిపోతుండటం చూసిన బ్రిటిష్ అటవీ అధికారి రిచర్డ్ సెయింట్ బార్బ్ బేకర్, కికుయు తెగ పెద్ద జొసయా న్జోంజోతో కలిసి ముగుగాలో చెట్ల నాట్యం ఏర్పాటు చేశాడు. బేకర్ రాసినదాన్ని బట్టి, వచ్చిన యువ యోధులు మూడు వేల మంది. వారిలోంచి ఎంపికైన యాభై మంది ఏడాదికి పది మొక్కలు నాటి, చెట్లను ఎక్కడున్నా కాపాడతామని దైవసాక్షిగా ప్రమాణం చేశారు. 'మెన్ ఆఫ్ ది ట్రీస్' సంస్థకు ఇదే పునాది.

అదే కెన్యాలో 1977 జూన్ 5న వంగారి మాతాయ్ ఏడు మొక్కలతో గ్రీన్ బెల్ట్ ఉద్యమం ప్రారంభించారు. దానికి గ్రామీణ మహిళలే వెన్నెముక. 1990లలో తెగల మధ్య ఘర్షణలు చెలరేగినప్పుడు ఉద్యమం 'శాంతి వృక్షాలు' నాటించి, కొట్లాడుకున్న వర్గాలను దగ్గరికి చేర్చింది. తగవు పడిన ఇద్దరి మధ్య కికుయు పెద్దలు తిగి చెట్టు కర్ర ఉంచి రాజీ చేసే పాత ఆచారాన్ని మాతాయ్ 2004లో నోబెల్ శాంతి బహుమతి ప్రసంగంలో గుర్తుచేశారు.

కొరియా–చైనా ఉద్యమం

ఈ చరిత్రలో అత్యంత ఆదర్శవంతమైన ఘట్టం తూర్పు ఆసియాలో కనిపిస్తుంది. ఏటా వసంతంలో గోబీ నుంచి, ఇన్నర్ మంగోలియా ఎడారుల నుంచి లేచే పసుపు దుమ్ము పడమటి గాలులతో పసుపు సముద్రం దాటి కొరియాను కమ్మేస్తుంది. కొరియన్లు దాన్ని హ్వాంగ్‌సా అంటారు. 2002లో ఈ దుమ్ము వల్ల దక్షిణ కొరియాలో బడులు మూతపడ్డాయి, విమానాలు రద్దయ్యాయి.

1998లో చైనాకు దక్షిణ కొరియా రాయబారిగా వెళ్లిన క్వాన్ బ్యోంగ్ హ్యోన్‌కు బీజింగ్‌లో దుమ్ము తుపాను ఎదురైంది. మర్నాడే సియోల్ నుంచి కూతురు ఫోన్ చేసి, అక్కడా దుమ్మేనని చెప్పిందట. కొరియా యుద్ధంలో (1950–53) ఎదురెదురుగా పోరాడిన ఈ రెండు దేశాలకు 1992 ఆగస్టు 24న గానీ దౌత్య సంబంధాలు కుదరలేదు. ఆనాటి చర్చల్లో క్వాన్ కూడా పాల్గొన్నారు. దుమ్ము కారణంగా ఆ స్నేహం చెడిపోకూడదన్న దూరదృష్టితో ఆయన 2001లో 'ఫ్యూచర్ ఫారెస్ట్' సంస్థను స్థాపించారు. కొరియా కాలేజీ విద్యార్థులు గ్రీన్ కార్ప్స్ పేరుతో వసంతంలో చైనా వెళ్లి, అక్కడి విద్యార్థుల పక్కనే నిలబడి పార పట్టారు.

2006 నుంచి వీరి ప్రధాన కార్యక్షేత్రం ఇన్నర్ మంగోలియాలోని కుబుచి ఎడారి. దాని తూర్పు అంచున, ఇసుక బీజింగ్ వైపు జరగకుండా, సుమారు 16 కిలోమీటర్ల పొడవున పచ్చగోడ లేపారు. ఇలాంటి చోట్ల పని ఇసుకను కదలకుండా ఆపడంతో మొదలవుతుంది. గోధుమ గడ్డినో వరి గడ్డినో మీటరు వెడల్పు గళ్ళుగా పరిచి, సగం లోపలికి దిగేలా పారతో నొక్కుతారు. పైకి నిలిచిన గడ్డి గాలి జోరును విరుస్తుంది. 1950లలో రైలుమార్గాన్ని ఇసుక మేటల నుంచి కాపాడటానికి నింగ్‌షియాలోని షాపొటౌలో చైనా ఇంజనీర్లు అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. ఆ తర్వాత పైనున్న పొడి ఇసుక తీసేసి, తడి తగిలేదాకా తవ్వి, ఇసుక విల్లో కొమ్మ ముక్కలను లోతుగా నాటుతారు. పోప్లార్ త్వరగా ఎదుగుతుంది గానీ నీరు ఎక్కువ తాగుతుంది. అందుకే లోతుగా వేళ్లు దింపే ఎడారి పొదలే ఇలాంటి నేలకు మేలు. గొర్రెలు, మేకలు పడకుండా కంచె వేయడం, మొదటి ఏళ్లలో నీరు పోయడం, చచ్చిన మొక్క చోట మరొకటి నాటడం స్థానికుల చేతిలో ఉన్న పని. అసలు కష్టం వారిదే.

తదనంతర పరిణామాలు

ఎడారీకరణపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1994 జూన్ 17న కుదిరింది. ఏటా ఆ తేదీనే ఎడారీకరణ వ్యతిరేక దినంగా పాటిస్తున్నారు. సెనెగల్ నుంచి జిబూటీ వరకు సుమారు 8,000 కిలోమీటర్ల మేర సాగే మహా హరిత కుడ్యాన్ని ఆఫ్రికన్ యూనియన్ 2007లో చేపట్టింది. ఒడంబడిక పదవ సదస్సు 2011లో కొరియాలోని చాంగ్‌వన్‌లో జరిగింది. శాంతి సాధనలో యువతకు పాత్ర ఉందని భద్రతామండలి 2015 డిసెంబరు 9న 2250వ తీర్మానంలో అంగీకరించింది. 2019 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన పద్నాలుగో సదస్సులో కొరియా అటవీ శాఖ, ఒడంబడిక సచివాలయం 'శాంతి అడవి' కార్యక్రమాన్ని ప్రకటించాయి. సంఘర్షణలకు గురైన సరిహద్దు ప్రాంతాల్లో పాడైన నేలను ఇరుపక్కల దేశాలు కలిసి బాగుచేసుకునేలా చూడటం దాని ఉద్దేశం.