తంగేటి పుల్ల, జిల్లేడాకు: అద్భుతలోహాల కల్పనలో మన ఉక్కు జాడ

టోల్కీన్ 1954-55లో వెలువరించిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఫ్రోడో చొక్కా కింద తొడుక్కున్న మిత్రిల్ కవచం ఈటెపోటును ఆపుతుంది. జార్జ్ మార్టిన్ 1996లో మొదలుపెట్టిన నవలామాలలో వలీరియా ఉక్కును కొత్తగా తయారుచేసే విద్య అంతరించింది. పాత కత్తిని కరిగించి కొత్తది కొట్టగలవాళ్లు మాత్రం ఒకరిద్దరు మిగిలారు. రెండుచోట్లా మహిమ లోహానిదే. తెలుగు కావ్యాల్లో కవచాలకు కొదవ లేదు గానీ, అవి ఏ లోహంతో చేసినవన్నది కవికి పెద్ద పట్టింపు కాదు. ఎవరిచ్చారు, ఏ మంత్రంతో కట్టారు అన్నదే ముఖ్యం. ఉక్కు పుట్టిన నేలమీద ఉక్కు మాయ కాదు, పక్కింటి కమ్మరి పని. ఈ తేడాకు అదొక ముఖ్య కారణమని నా వాదన.

కర్ణాటకలోని మా జంగమకోటె నుంచి చూస్తే ఈ విషయం మరింత దగ్గరగా కనిపిస్తుంది. చింతామణి, బాగేపల్లి పల్లెల్లో ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. 'ఉక్కు' మాత్రం రెంటిలోనూ ఉక్కే. ఇంగ్లీషువాళ్లు ఈ లోహాన్ని 'వూట్జ్' అన్నారు. ఆ పేరు తెలుగు మాట నుంచి వచ్చిందా, కన్నడం నుంచా అని పండితులు తర్జనభర్జన పడతారు. మా వైపు ఆ ప్రశ్నే పుట్టదు.

గౌరిబిదనూరు దాటితే మధుగిరి. 1800లో మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఆ ప్రాంతంలో ఇనుము, ఉక్కు తీసే తీరును దగ్గరుండి చూసి రాశాడు. ఆ యాత్రాగ్రంథం 1807లో అచ్చయింది. వానలకు వంకల్లో కొట్టుకొచ్చిన నల్ల ఇసుకను కడిగి, బొగ్గుతో కాల్చి ఇనుము తీసేవారు. ఆ ఇనుప ముక్కను మట్టిమూసలో పెట్టి, పక్కన తంగేటి పుల్ల, పైన పచ్చి ఆకులు వేసి, మూతిని మట్టితో బిగించేవారు. సేలం వైపు ఆ ఆకు జిల్లేడాకు. తిత్తులు ఊదుతూ గంటలకొద్దీ కాల్చాక పుల్లా ఆకూ బొగ్గయి, ఆ కర్బనం ఇనుములోకి దిగేది. చల్లారిన మూసను పగలగొడితే లోపల ఉక్కుముద్ద. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. గట్ల మీద ఎవరూ నాటకుండానే మొలిచే తంగేడు, పశువులు ముట్టని జిల్లేడు: దివ్యలోహానికి దినుసులు ఇవి.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో కూడా ఇదే వృత్తి ఉండేది. ఆ ఊరున్న మండలం పేరే కమ్మర్‌పల్లి. అక్కడి పనిని చూసిన భూగర్భశాస్త్రజ్ఞుడు వాయిసీ వర్ణన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చి కూర్చునేవారు. ముద్దలు సముద్రం దాటాయి, మూసలు దాటలేదు. అక్కడ కత్తిగా సాగి, ఆమ్లంతో తోమినప్పుడు నీటి అలల్లాంటి గీతలు తేలిన ఆ లోహానికి డమాస్కస్ పేరు స్థిరపడింది. వాల్టర్ స్కాట్ 1825 నాటి 'ది టాలిస్మన్'లో సలాదిన్ చేతి కత్తి గాలిలో మెత్తని గుడ్డను రెండుగా కోస్తుంది. చేసినవాడు కనిపించకుండా పోయినచోటే లోహం మంత్రమవుతుంది.

శాస్త్రవేత్తలూ ఇదే దారి పట్టారు. 1820 ప్రాంతంలో కత్తులు చేసే స్టోడర్ట్‌తో కలిసి ఉక్కును పరీక్షించిన ఫారడే, దాని గుణం వెనక మరేదో లోహం దాగి ఉండాలని ఊహించి, వెండీ ప్లాటినమూ కలిపి చూశాడు. అలల గీతలకు మూలం ఇనుమూ కర్బనమూ కలిసిన గట్టి కణాలు వరుసకట్టడమేనని తర్వాత తేలింది. ఖనిజంలో లేశమాత్రంగా ఉన్న వెనేడియం ఆ వరుసకు తోడ్పడుతుందని వెర్‌హోవెన్ బృందం 1998లో చూపింది. కాబట్టి ఫారడే ఊహ పూర్తిగా తప్పని అనలేను. కానీ కత్తికి పదును తెచ్చిన కర్బనం పుల్లలోంచి, ఆకులోంచి వచ్చింది.

ఇప్పుడు మన కవచాలు. అరణ్యపర్వశేషంలో ఎఱ్ఱన చెప్పిన కర్ణుడి కవచం పుట్టుకతో వచ్చింది. ఇంద్రుడికి ఇవ్వాలంటే ఒంటి నుంచి కోసి ఇవ్వాల్సిందే. తిక్కన ద్రోణపర్వంలో ద్రోణుడు దుర్యోధనుడికి మంత్రించి కవచం కడతాడు. అర్జునుడి బాణాలు దాన్ని ఛేదించలేవు. అప్పుడు అర్జునుడు కవచం కప్పని చేతులను గురిపెడతాడు. బంగారం అక్కడ ఉంది, కాచింది మాత్రం మంత్రం. ఏర్చూరి సింగన తెనిగించిన భాగవత షష్ఠస్కంధంలో నారాయణకవచం పూర్తిగా మాటలతో కట్టినది. ఆ విద్య దధీచి నుంచి త్వష్టకు, అతని నుంచి విశ్వరూపుడికి, చివరికి ఇంద్రుడికి అందింది. ఆ దధీచి ఎముకలతోనే అదే స్కంధంలో వజ్రాయుధం తయారవుతుంది. ఆ కవచవిద్య బలం ఎముకల్లో దిగిందనీ, అదే ఆయుధమయిందనీ ఆ కథను చదవాలని నాకనిపిస్తుంది. మిత్రిల్‌కు సాటి మనకు దొరికేది గనిలో కాదు, ఎముకలో.

బలం మనిషిలోనే ఉందన్నదానికి భాషే సాక్ష్యం. తెలుగులో ఉక్కు అంటే లోహమే కాదు, బలం, పౌరుషం కూడా. నిఘంటువుల్లో 'ఉక్కడగు' అంటే పొగరణగడం, 'ఉక్కడచు' అంటే అణచడం. ఈ రెండర్థాలూ ఒకే మూలానివా, వేర్వేరు మాటలు కలిసిపోయాయా అన్నది భాషావేత్తల పని. వాడుకలో మాత్రం రెండూ విడదీయరానంతగా కలిశాయి. 'ఉక్కుమనిషి' అన్నప్పుడు వినేవాడి మనసు కొలిమి దగ్గరికి పోదు.

ఒక అభ్యంతరం ఉంది. లోహం మీద మనకు మోజు లేదా? ఉంది, బంగారం మీద. వేమన చుట్టూ అల్లుకున్న హేమవిద్య కథలు, పరుసవేది కోసం తిరిగే కథానాయకులు అందుకు గుర్తు. అయితే పరుసవేది మహిమ మరొకదాన్ని బంగారంగా మార్చడంలో ఉంది. కవచంగా అది ఎవర్నీ కాపాడదు. రావణుడి కత్తి చంద్రహాసం సంగతీ అంతే. శివుడిచ్చాడు కనుక దానికి శక్తి.

బాగేపల్లి, చింతామణి పల్లెల్లో తెలుగులో ఆడే కురుక్షేత్ర నాటకాల్లో కర్ణుడి కవచం మఖ్మలు గుడ్డే. దాని మీద చెమ్కీ, వీపున నాడాముడి. తేలిక కర్రతో చెక్కి రంగుకాగితం అంటించిన భుజకీర్తులు పెట్రోమాక్సు వెలుగులో మెరిసేవని పెద్దవాళ్లు చెబుతారు. ఇనుప రేకు తొడిగితే వేషగాడు తెల్లవార్లూ నిలబడి పద్యం అందుకోలేడు.